ఔటైతే బ్యాట్ విసిరేస్తున్నాడు, ఏం చెయ్యాలి?

నల్గొండ నుంచి ఒక తల్లి అడిగారు. బాబుకు పదేళ్లు. ఈ ఎండాకాలం పొద్దున పూట జరిగే క్యాంపులో చేర్పించారు, క్రికెట్, కబడ్డీ రెండూ ఆడుతున్నాడు. ఔటైతే ఏడుస్తాడు, బ్యాట్ విసిరేస్తాడు, అంపైర్ తొండి చేశాడంటాడు. గెలిచిన రోజు ఓడినవాళ్లను వెక్కిరిస్తూ ఇంటిదాకా వస్తాడు. కోచ్ ఇప్పటికే రెండుసార్లు పిలిచి చెప్పారట. ఇంట్లో నానమ్మ ‘చిన్నపోరడు, వాడికేం తెలుసు’ అంటుంది. వాళ్ల నాన్న బౌండరీ దగ్గర నిలబడి కొడుకు తరఫున తనే అరుస్తారు. క్యాంపు మానిపించాలా, పెద్దయ్యాక అదే తగ్గుతుందా, తగ్గకపోతే ఎలా నేర్పాలి అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, క్యాంపు మానిపించకండి. దానంతట అదే తగ్గుతుందని కూడా కూర్చోకండి. పదేళ్లప్పుడు బ్యాట్ విసిరినవాడు ఇరవై ఏళ్లకు అంపైర్ కాలర్ పట్టుకోవడం మన ఊళ్ల దసరా టోర్నమెంట్లలో చూడనిదేం కాదు.

నేను ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్కారు బడుల్లో పీఈటీగా, అంటే ఆటల సారుగా చేసి రిటైరైనవాణ్ణి. మీవాడిలాంటి పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఆట బాగా ఆడేవాళ్లే. ఔటైనా నవ్వుకుంటూ వచ్చి ఐస్ గోలా తినే పిల్లాడితో ఏ తల్లికీ ఈ తలనొప్పి ఉండదు. కాకపోతే అతనికి చాలాసార్లు ఆట కూడా రాదు. కాబట్టి మీవాడికి ఓటమి అంతగా మండుతోందంటే అది సగం మంచి వార్తే.

మీరు రాసినదాంట్లో మూడు వేరు వేరు సంగతులున్నాయి: ఏడవడం, విసరడం, తొండి. మూడింటికీ ఒకే తిట్టు పనిచెయ్యదు.

ఏడుపును వదిలెయ్యండి. గ్రౌండ్ బయట కూర్చుని కాసేపు ఏడిస్తే ఏడవనివ్వండి. ‘మగపిల్లాడివి, ఏడుస్తావా’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ఏడవొద్దన్నప్పుడు ఆ ఉక్రోషం ఎక్కడికీ పోదు, చేతుల్లోకి దిగుతుంది. అప్పుడే బ్యాట్ ఎగిరేది. ఇంటికి తీసుకొచ్చేటప్పుడు బండి మీద కూడా క్లాసు పీకకండి. ఆ టైములో వాడి చెవిలోకి ఏదీ ఎక్కదు. మంచినీళ్లు ఇవ్వండి, టిఫిన్ పెట్టండి, సాయంత్రం మాట్లాడండి.

విసరడం మాత్రం ఆగాలి. దానికి ముందే తెలిసిన రూల్ ఒకటి ఉండాలి: బ్యాట్ విసిరితే ఆ రోజుకు బ్యాటింగ్ లేదు, మిగతా ఆటంతా ఆడాల్సిందే. ఇంటికి పంపించెయ్యడం తప్పు. అలా పంపితే అలిగి వెళ్లిపోవడం కూడా ఒక దారేనని మనమే నేర్పినట్టవుతుంది. ఈ రూల్ కోచ్‌తో మాట్లాడి ఆయన చేతనే చెప్పించండి. మీరు చెప్తే నానమ్మ దగ్గర అప్పీలు పడుతుంది.

రూల్ ఒక్కటే చాలదు. ఔటయ్యాక ఏం చెయ్యాలో మనం పిల్లలకు ఎప్పుడూ చూపించం. కవర్ డ్రైవ్ నేర్పుతాం, ఫార్వర్డ్ డిఫెన్స్ నేర్పుతాం, ఔటైనవాడు ఎలా నడిచి రావాలో నేర్పం. నేను నెట్స్‌లో అది కూడా ప్రాక్టీస్ చేయించేవాణ్ణి. బౌల్డ్ అయినట్టు స్టంప్స్ పడగొడతాం. పిల్లాడు బ్యాట్ చంకలో పెట్టుకోవాలి, బౌండరీ దాటేదాకా గ్లోవ్స్ విప్పకూడదు, వచ్చి స్కోరు రాసేవాడి పక్కన కూర్చోవాలి, తర్వాతివాడికి ‘బాల్ కిందికొస్తుంది, చూస్కో’ లాంటి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. మొదట్లో పిల్లలు పడీపడీ నవ్వుతారు, కావాలని కుంటుతూ వస్తారు. నవ్వనివ్వండి. వారం పదిరోజులు చేశాక నిజం మ్యాచ్‌లో ఔటైనప్పుడు కాళ్లు వాటంతట అవే ఆ దారి పడతాయి. చేతులకు, కాళ్లకు, నోటికి తలా ఒక పని దొరికింది కాబట్టి కోపానికి ఖాళీ ఉండదు. గ్లోవ్స్ రూల్ చిన్నదే గానీ దానిదే ఎక్కువ పని. రెండు గ్లోవ్స్ చేతికుండగా బ్యాట్ చంకలో ఇరికించుకున్నవాడికి విసరాలన్నా కుదరదు. మీ వాకిట్లో వాళ్ల నాన్న బాల్ వేసి ఇదే చేయించవచ్చు.

ఇక తొండి. అసలు సంగతి ఇక్కడుంది.

కబడ్డీలో కార్నర్‌లో నిలబడ్డ పిల్లాణ్ణి గమనించండి. కూతకొచ్చినవాడు కాలు చాచి వెనక్కి తిరుగుతాడు, బొటనవేలు ఇతని మోకాలి కింద రాసుకుంటూ పోతుంది. రెఫరీ అవతలి వైపున్నాడు, ఇవతలి అంపైర్‌కు ఇంకో ఆటగాడి వీపు అడ్డమొచ్చింది. తగిలిందని తెలిసింది ఈ ఇద్దరికే. కూతవాడు గీత దాటి చెయ్యెత్తి చూపిస్తాడు. ఇతను ఒక్క క్షణం తన మోకాలి వైపు చూసుకుని, ‘తగల్లే సార్’ అంటాడు. అబద్ధం ఆడబోయే పిల్లాడి చూపు ముందు తగిలిన చోటికే పోతుంది. పీఈటీలందరికీ తెలిసిన గుట్టు ఇది.

అక్కడ వాణ్ణి అందరి ముందు దొంగను చేస్తే వచ్చేసారి చూపు కూడా దాచుకుంటాడు, అంతే. నేను చేసింది వేరు. ప్రాక్టీస్‌లో వారానికి ఒక పూట విజిల్ లేకుండా ఆడించేవాణ్ణి. రెఫరీ ఉండడు. తగిలిందా లేదా అన్నది ఆ ఇద్దరే తేల్చుకోవాలి. తేలకపోతే ఆ కూత మళ్లీ పెట్టాలి. మొదటి రోజు ఆట ముందుకు సాగదు, అన్నీ లొల్లులే. కానీ లొల్లి పెట్టుకున్నకొద్దీ ఆడే టైమే పోతోందని వాళ్లకే అర్థమవుతుంది. కొన్నాళ్లకు పెద్ద పిల్లలే ‘అరేయ్ తగిలింది పోరా, ఆట ఆగుతుంది’ అని చిన్నవాళ్లను బయటికి పంపడం మొదలుపెడతారు. గోటీలు, చిర్రగోనె ఆడిన రోజుల్లో మనం నేర్చుకున్నది ఇట్లాగే. పక్కన ఏ సారూ ఉండేవాడు కాదు. ఇప్పుడు పిల్లలు ఆడే ప్రతి ఆటకూ ఒక పెద్దమనిషి కాపలా ఉంటున్నాడు, తేల్చుకోవడమనే పని వాళ్లకు పడటమే లేదు.

నిజం ఒప్పుకోవడం కబడ్డీతో మొదలుపెట్టమంటాను, దానికో కారణముంది. ఇందులో ఔటైతే ఆట అయిపోదు. మన జట్టు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చెయ్యగానే, మనలో మొదట బయటికి వెళ్లినవాడు మొదట లోపలికి వస్తాడు. ఒప్పుకున్నందుకు పిల్లాడికి పడే ఖరీదు ఒకటి రెండు నిమిషాలు. గల్లీ క్రికెట్ అలా కాదు. గంటసేపు ఎండలో ఫీల్డింగ్ చేసి, బ్యాటింగ్ వచ్చి, మొదటి బాల్‌కే కీపర్ చేతికి చిక్కితే ఆ పూటకు అంతే సంగతులు. ఆ స్థితిలో ‘బ్యాట్‌కు తగల్లే’ అనే పదేళ్ల పిల్లాణ్ణి నేను పెద్దగా తప్పుపట్టను. నిజానికి అక్కడ ధర ఎక్కువ. చిన్న ధర ఉన్నచోట నిజం చెప్పడం అలవాటైతే పెద్ద ధర ఉన్నచోటికి మెల్లగా తీసుకుపోవచ్చు.

క్రికెట్‌లో కూడా ఆ ధర తగ్గించే పద్ధతి ఉంది. పిల్లలను జతలుగా బ్యాటింగ్‌కు పంపండి. ఒక్కో జతకు నాలుగు ఓవర్లు. ఔటైనా బయటికి రానక్కర్లేదు, జట్టు స్కోరులోంచి 5 పరుగులు తీసేస్తారు. ఇండోర్ క్రికెట్‌లో ఆడేది ఇదే పద్ధతి. అందరికీ సమానంగా బాల్స్ దొరుకుతాయి. ‘బ్యాట్ నాది, నేను ఔట్ కాను’ అని బ్యాట్ ఓనరు ఇంటికెళ్లిపోయే గొడవ కూడా తగ్గుతుంది. కోచ్‌ను అడిగి చూడండి, పదేళ్ల పిల్లల బ్యాచ్‌కు వారంలో రెండు రోజులైనా ఇలా పెట్టడానికి ఆయనకు అభ్యంతరం ఉండకపోవచ్చు. పది రూపాయల బెట్ మ్యాచ్‌లకు మాత్రం మీవాణ్ణి ఇంకో రెండేళ్లు దూరంగా ఉంచండి. డబ్బులు పెట్టిన చోట నిజం ధర మళ్లీ పెరుగుతుంది.

తరువాత, వాడి చేతికి విజిల్ ఇప్పించండి. బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ వాదించేవాడికే మొదటి విజిల్ ఇవ్వాలి. శిక్షలాగా కాదు, బాధ్యతగా. కబడ్డీ రెఫరీగా నిలబెడితే ఐదు నిమిషాల్లో చెమటలు పడతాయి. కూత ఆగిందా అని చెవి పెట్టాలి. 30 సెకన్లు అయ్యాయా అని చూడాలి. అదనపు పాయింటిచ్చే బోనస్ గీత దాటి కాలు పడినప్పుడు రెండో కాలు గాల్లో ఉందో లేదో కనిపెట్టాలి, అది కూడా అవతల ఆరుగురో ఏడుగురో ఉంటేనే లెక్క. అన్నీ ఒకేసారి చూడటం ఎవరివల్లా కాదు. ఒక బోనస్ ఇవ్వడం మర్చిపోతాడు. ఇరవై గొంతులు ఒకేసారి ‘తొండి, తొండి’ అంటాయి. ఆ మాట అవతలి నుంచి ఎలా వినపడుతుందో అప్పుడు తెలుస్తుంది. అంపైర్‌ను గౌరవించమని నేను ఏళ్ల తరబడి చెప్పిన మాటలకంటే ఆ ఐదు నిమిషాలే ఎక్కువ పనిచేశాయి.

ఇంట్లో చెయ్యాల్సింది నానమ్మగారి చేతిలో ఉంది. ఆమెకు అష్టాచమ్మా వచ్చే ఉంటుంది. నాలుగు గవ్వలో చింతగింజలో తీసి, సుద్దముక్కతో బండ మీద గడులు గీసి ఆడమనండి. ఓటమిని అలవాటు చెయ్యడానికి దాన్ని మించిన ఆట నాకు కనపడలేదు. ఇంకో గడి పోతే పండాల్సిన కాయ, వెనక నుంచి వచ్చిన కాయ కొట్టేసరికి మళ్లీ మొదటికొస్తుంది. ఇందులో అంపైర్ లేడు, పిచ్ బాగాలేదనడానికి లేదు, గవ్వలు ఎవరి మాటా వినవు. అరగంట ఆటలో నాలుగైదుసార్లు ఆ దెబ్బ తగులుతుంది, ప్రతిసారీ మళ్లీ గవ్వలు చేతికొస్తాయి. ఒకే ఒక్క షరతు. వాడి ముఖం చిన్నబోగానే నానమ్మ ‘పోనీ తియ్ బిడ్డా, మళ్లీ వెయ్’ అనకూడదు. నాలుగైదేళ్ల పిల్లలను ఆటలో అరటిపండుగా పెట్టుకుంటాం, వాళ్లకు ఔట్ ఉండదు, అది ముద్దు. మీవాడికి పదేళ్లు. ఇంట్లో ఇంకా అరటిపండుగా ఉంచి గ్రౌండ్‌లో మాత్రం సరిగ్గా ఆడమంటే వాడికి ఎక్కడి లెక్క పట్టుకోవాలో అర్థం కాదు. మీరు కావాలని ఓడిపోవడం కూడా వాడు కనిపెడతాడు, ఆ గెలుపు వాడికే చప్పగా ఉంటుంది.

కథలు చెప్పాలనుకుంటే ఒక జాగ్రత్త. మంచివాడికి చివర్లో కప్పు దొరికే కథలే చెప్తే, మంచిగా ఉంటే గెలుస్తామన్న లెక్క పిల్లల్లో పడిపోతుంది. ఆ లెక్క మొదటి మ్యాచ్‌లోనే తప్పుతుంది. నేను గుండప్ప విశ్వనాథ్ కథ చెప్పేవాణ్ణి. 1980లో బొంబాయిలో ఇంగ్లండ్‌తో గోల్డెన్ జూబిలీ టెస్ట్. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. తర్వాత బాబ్ టేలర్‌ను కీపర్ క్యాచ్‌గా అంపైర్ ఔటిచ్చాడు. బ్యాట్‌కు తగల్లేదని మన కెప్టెన్ విశ్వనాథ్‌కు అనిపించింది, టేలర్‌ను వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి ఆ వికెట్‌కు 171 పరుగులు జోడించారు, మనం 10 వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఇక్కడ ఆపి పిల్లలను అడగాలి: మీరైతే పిలిచేవాళ్లా? సగంమంది ‘పిలవం సార్’ అంటారు. అననివ్వండి. వాదించుకోనివ్వండి. జవాబు మనం చెప్పెయ్యకపోతేనే ఆ కథ ఇంటిదాకా పోతుంది.

క్యాంపులో పెద్ద పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తారు, మీవాడూ అడగొచ్చు. బౌలర్ బాల్ వెయ్యకముందే నాన్‌స్ట్రైకర్ క్రీజ్ దాటితే రనౌట్ చెయ్యడం తొండేనా? 2022 సెప్టెంబర్‌లో లార్డ్స్‌లో మన దీప్తి శర్మ అలా ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ను ఔట్ చేసినప్పుడు ఇంగ్లండ్‌లో పెద్ద గోలైంది. అప్పటిదాకా అది అన్‌ఫెయిర్ ప్లే నిబంధన కింద ఉండేది. సరిగ్గా ఆ తర్వాతి నెల నుంచి మామూలు రనౌట్ నిబంధనలోకి మార్చారు, ఆ మార్పు ముందే ప్రకటించిందే. నా ఉద్దేశంలో అది తొండి కాదు. ముందుగా గీత దాటి పరుగు దొంగిలించేది బ్యాటరే. కాకపోతే పదేళ్ల పిల్లలకు మ్యాచ్ ముందే చెప్పి ఆడించాలి. ఇద్దరికీ తెలిసిన రూల్‌తో ఎవర్ని ఔట్ చేసినా తప్పులేదు.

గెలిచిన రోజు వెక్కిరింపు గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నన్నడిగితే బ్యాట్ విసరడం కంటే అదే ముందు చూడాలి. ఎందుకంటే వెక్కిరించేవాడికి ఓటమి అంటే అవమానం అని వాడే నిర్ణయించుకున్నాడు. అందుకే తన వంతు వచ్చినప్పుడు తట్టుకోలేడు. 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ ఆఖరి నిమిషాలు వాడికి వీడియోలో చూపించండి. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాత 12-21, 15-21తో ఓడిపోయింది. గెలిచిన కరోలినా మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తోంది. సింధు నెట్ అవతలికి వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది, కింద పడి ఉన్న ఆమె రాకెట్ తీసి పెట్టింది. నీతి చెప్పకండి, చూపించి ఊరుకోండి. మ్యాచ్ అయ్యాక మీవాడికి కూడా ఒక పని ఉండాలి. ఓడినా గెలిచినా అవతలి జట్టులో ఒకడి దగ్గరికి వెళ్లి, వాడు బాగా ఆడిన ఒక షాటో క్యాచో పేరుపెట్టి చెప్పి రావాలి. ‘గుడ్ గేమ్’ అని వరసగా చేతులు తాకించుకుంటూ పోవడం లెక్కలోకి రాదు. వాడు ఎవరి ఆట చూశాడో రాత్రి అన్నం తినేటప్పుడు మీరు అడగండి. ‘గెలిచారా’ అన్నది ఎలాగూ వాడే చెప్తాడు.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల పోటీల్లో నేను చూసిన గొడవల్లో పిల్లలు మొదలుపెట్టినవి తక్కువ. గీత అవతల నుంచి ఒక బాబాయి ‘అది ఔటెట్లా అయితది’ అంటాడు, అక్కడ రాజుకుంటుంది. అండర్-14 జట్టులో మీసాలొచ్చిన పిల్లాణ్ణి దించి, పుట్టిన తేదీ కాగితం చూపించి వాదించేవాళ్లూ ఉన్నారు. వయసు దాచడం ఎంత ఎక్కువైందంటే క్రికెట్ బోర్డు అండర్-16 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు చూసి ఆడనిస్తోంది. ఆ కాగితం ఇంట్లోనే తయారైందని తెలిసిన పిల్లాడికి నేను ఏ గ్రౌండ్‌లో నిజాయితీ నేర్పను? మీ ఇంట్లో అలాంటిదేం లేదు, సంతోషం. రేపు జిల్లా జట్టు సెలక్షన్ల సమయంలో ఎవరైనా ‘ఒక్క ఏడాది తగ్గిద్దాం’ అని సలహా ఇస్తే మాత్రం ఈ మాట గుర్తుంచుకోండి.

మీ ఆయనకు ఇది చదివి వినిపించండి, కోపం తెచ్చుకోరనే అనుకుంటున్నాను. కొడుకు ఆట చూడ్డానికి పొద్దున్నే లేచి గ్రౌండ్‌కు వచ్చే తండ్రులు మాకు ఎంతమంది దొరికారు గనుక. రావొద్దని నేననను. కానీ బౌండరీ నుంచి ఆయన ఒకటి, గ్రౌండ్‌లో కోచ్ ఇంకొకటి అరుస్తుంటే పిల్లాడు బాల్ చూడడు, నాన్న ముఖం చూస్తాడు. ఔటైన వెంటనే వాడి కళ్లు ఎటు తిరుగుతున్నాయో ఒకసారి మీరే గమనించండి. నాన్న వైపే అయితే, బ్యాట్ విసరడం సగం ఆయనకు చూపించడానికే. ‘నేను ఔట్ కాలేదు, వాళ్లే తొండి చేశారు’ అని.

అందుకని ఆయనకో పని అప్పగించమని కోచ్‌ను అడగండి. స్కోరు పుస్తకం ఇప్పించండి. రెండు జట్ల పరుగులూ, వికెట్లూ, ఎక్స్‌ట్రాలూ బాల్ బాల్‌కూ రాయాలంటే తల పైకెత్తి అరిచే తీరిక ఉండదు. ఔటై వచ్చి పక్కన కూర్చున్న కొడుక్కి పెన్సిల్ ఇచ్చి, వాడి వికెట్ వాడి చేతనే రాయించమనండి.